సంచి అంగట్లోనే ఉండాలి

తిరుపతి

పాపా,

మీ చిత్తూరు వీధిలో ప్లాస్టిక్ కవర్లు మాన్పించే పని మొదలుపెడుతున్నారని తెలిసి చాలా సంతోషమైంది. మీ సంఘం వేసుకున్న ఖర్చు లెక్క కూడా చూశాను. ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫ్లెక్సీలు, ఇంటికొక కొత్త గుడ్డ సంచి ఉచితం. ఆ డబ్బును వేరే విధంగా పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం.

గుడ్డ సంచి లేని ఇల్లు మన వైపు ఉండదమ్మా. నాలుగైదు సంచులు వంటింటి మేకుకు వేలాడుతూనే ఉంటాయి. సంచి ఇంట్లో ఉంటుంది, మనిషి అంగట్లో ఉంటాడు, చిక్కంతా అక్కడే. సాయంత్రం ఆఫీసు నుంచి స్కూటరు మీద వస్తూ దారిలో అర కిలో టమోటాలు, కిలో ఎర్రగడ్డలు తీసుకునేవాడికి ఇంకో సంచి ఉచితంగా ఇచ్చినా అదీ ఆ మేకుకే చేరుతుంది. పైగా కొత్త నూలు సంచి తయారీకి నీళ్ళు, కరెంటు చాలా కావాలి. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం వెలువరించింది. ఒక్కసారి వాడి పారేసే పలుచని కవరుతో పోలిస్తే, వాతావరణానికి చేసే చెరుపులో నూలు సంచి మెరుగనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలని అందులో తేలింది. వాడని సంచి పంచితే మేలు కన్నా కీడే ఎక్కువన్నమాట. అందుకని కొత్త గుడ్డ కొనకండి. పాత చీరలు అడిగి తీసుకోండి, కుట్టిన సంచుల్ని ఇళ్ళకు పంచకుండా అంగళ్ళలో పెట్టండి.

పద్ధతి ఇదీ. సంచి లేకుండా వచ్చిన మనిషికి అంగడాయన 20 రూపాయలు తీసుకుని సంచి ఇస్తాడు. తిరిగి తెస్తే 20 రూపాయలు వెనక్కి ఇస్తాడు. ఇది మనకు కొత్త కాదు. తిరుమల కొండ మీద నీళ్ళ గాజు సీసాలకు డబ్బు కట్టించుకుని, ఖాళీ సీసా ఇచ్చినప్పుడు వాపసు ఇస్తున్నారు కదా, అదే. 5 రూపాయలైతే ఎవరూ తిరిగి తేరు, 50 అంటే తీసుకోవడానికే వెనకాడతారు. 20 దగ్గర ఆగండి.

లెక్క చాలా తేలిక. ఒక్కో అంగడికి 50 సంచులు, ఒక డబ్బా ఇచ్చారనుకో. అంగడాయన పైసా పెట్టక్కర్లేదు. సంచి పోతే డబ్బాలో 20 పడుతుంది, సంచి వస్తే డబ్బాలోంచి 20 పోతుంది. ఎప్పుడు లెక్కపెట్టినా మిగిలిన సంచుల విలువ, డబ్బాలోని సొమ్ము కలిపి 1000 రూపాయలు ఉండాలి. ఉదాహరణకు 32 సంచులు ఉంటే 640, డబ్బాలో 360. తగ్గితే ఎక్కడో పొరపాటు జరిగింది. ఏ అంగట్లో తీసుకున్న సంచినైనా వీధిలో ఏ అంగట్లోనైనా ఇవ్వనివ్వండి, అప్పటికీ ఈ లెక్క చెడదు. కాకపోతే బస్టాపు పక్క అంగట్లో సంచులు పేరుకుని డబ్బా ఖాళీ అవుతుంది, వీధి చివర అంగట్లో డబ్బులుండి సంచులు ఉండవు. వారానికోసారి ఒకరు తిరిగి సంచులు అక్కడికి, డబ్బులు ఇక్కడికి మార్చాలి. ఈ పని ఎవరిదో ముందే పేరు పెట్టి చెప్పండి. అందరిదీ అనుకుంటే మూడో వారానికే ఆగిపోతుంది.

ఎన్ని సంచులు కుట్టాలో ఊహించి చెప్పొద్దు. ఒక అంగడికి రోజూ సంచి లేకుండా ఎంతమంది వస్తున్నారో చూడండి, ఒక సంచి తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చూడండి, రెండింటినీ హెచ్చవేయండి. రోజుకు 30 మంది, 6 రోజులైతే ఆ ఒక్క అంగడికే 180 కావాలి. ఈ లెక్క వేయక బజారంతా ఒకేసారి మొదలుపెడితే నాలుగో రోజుకు సంచులు అయిపోతాయి, కవర్లు మళ్ళీ బయటికి వస్తాయి. అందుకే ముందు ఒక్క వీధి తీసుకోండి, కానీ ఆ వీధిలో అన్ని అంగళ్ళూ ఒకే రోజు మొదలుపెట్టాలి. అంగడాయన భయమల్లా పక్క అంగడికి బేరం పోతుందనే. కవర్లు ఆయన కిలోల లెక్కన డబ్బు పెట్టి కొంటున్నాడు, అందరూ మానేస్తే ఆ ఖర్చు మిగులుతుందని ఆయనకే బాగా తెలుసు.

ఇక సంచి కుట్టే పని. దీన్ని కాస్త నిదానంగా చదువు.

నూలు చీర 46 అంగుళాల పన్నా, ఐదున్నర మీటర్లు అనుకో. ముందు ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే చిరుగుకు దగ్గరైన చోట గుడ్డ జల్లెడలా కనిపిస్తుంది, ఆ భాగం వదిలేయాలి. పన్నాలో 17 అంగుళాల చొప్పున రెండు పట్టీలు తీస్తే ఒక వైపు 12 అంగుళాలు మిగులుతుంది, అది పిడులకు. పొడవు 38 అంగుళాల చొప్పున కత్తిరిస్తే 10 ముక్కలు వస్తాయి. పాత చీర గుడ్డ ఒక్క పొర బరువుకు ఆగదు, రెండేసి ముక్కలు కలిపి కుట్టాలి. అంటే చీరకు 5 సంచులు.

ముక్కను అడుగున మడిచి రెండు పక్కలా కుట్టేటప్పుడు, ముందు మంచి వైపు బయట ఉండగా పావు అంగుళంలో ఒక కుట్టు, తర్వాత తిరగేసి పోగులు లోపల మూసుకునేలా ఇంకో కుట్టు. ఒకే కుట్టుతో వదిలేస్తే ఉతికిన కొద్దీ పోగులూడి పక్కలు విడిపోతాయి. అడుగున రెండు మూలలనూ పట్టి 4 అంగుళాల వెడల్పున అడ్డంగా కుడితే సంచి నిలబడుతుంది, టమోటాలు ఒక మూలకు చేరి నలగవు.

అందరూ నిర్లక్ష్యం చేసేది మూతి. కాయగూరల బండి ఆయన ఒక చేత్తో త్రాసు తట్ట ఎత్తి, రెండో చేత్తో కవరును ఒక్క విదిలింపుతో తెరుస్తాడు. మెత్తగా వాలిపోయే గుడ్డ సంచి తెరవాలంటే రెండు చేతులూ కావాలి, వెనక నలుగురు నిలబడి ఉంటారు. గుడ్డ సంచి అంటే వాళ్ళు విసుక్కునేది ఇందుకే. మూతి దగ్గర అర అంగుళం లోపలికి మడిచి, మళ్ళీ ఒకటిన్నర అంగుళం మడిచి, పైనా కిందా రెండు వరుసలు కుట్టు వేస్తే ఆ పట్టీ గట్టిగా ఉండి మూతి తెరుచుకుని నిలుస్తుంది.

పిడికి 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ముక్క తీసుకుని నాలుగు మడతలు పెడితే అంగుళం పట్టీ అవుతుంది. అంచు ఉన్న భాగమైతే ఇంకా గట్టి. పిడి కొనలు మూతి మడత లోపలికి దూర్చి, ఒకటిన్నర అంగుళం పొడవున పిడి చుట్టూ పెట్టెలా కుట్టి, లోపల ఇంటూ గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వేయాలి. పిడి తెగిందని వచ్చే సంచుల్లో దారం తెగినవి తక్కువ. పిడిని మడతలో కాకుండా దాని కింది గుడ్డ మీదే కుట్టడం వల్ల ఆ గుడ్డే చిరుగుతుంది. రెండు కొనల మధ్య 6 అంగుళాల ఎడం చాలు, మరీ పక్కలకు పెడితే సంచి నడుమ వాలుతుంది. సూది 16 నంబరు వాడండి, మూలల్లో పొరలు ఎక్కువై సన్న సూది విరుగుతుంది. దారం పాలిస్టర్‌దే వాడండి, తడి తగిలే సంచికి నూలు దారం త్వరగా పుచ్చిపోతుంది. ప్రతి బ్యాచిలో ఒక సంచిలో 6 కిలోల బియ్యం పోసి రాత్రంతా వేలాడదీయండి. పొద్దునకి పిడి దగ్గర కుట్టు రంధ్రాలు సాగి కనిపిస్తే కుట్టు నిడివి పెంచాలని అర్థం, మరీ దగ్గర దగ్గరగా పడిన కుట్టు గుడ్డను కాగితంలా చించుతుంది.

పాలిస్టర్ చీరలే ఎక్కువ ఇస్తారు. వద్దనకండి, కాకపోతే వాటి పోగు జారుతుంది కాబట్టి పక్కల అంగుళం వదిలి కుట్టండి. వానాకాలంలో అవి గంటలో ఆరతాయి, నూలువి ముక్క వాసన పట్టి నల్లచుక్కలు తేలతాయి. కుట్టుకూలి సంచికి 10 రూపాయలకు తక్కువ ఇవ్వొద్దు. మీ వీధిలో పొదుపు సంఘం ఆడవాళ్ళు ఉంటే వాళ్ళకే ఈ పని ఇవ్వండి. తిరిగి రాని సంచికి 20 రూపాయలు చేతికొస్తాయి కాబట్టి ఇంకోటి కుట్టించడానికి ఇబ్బంది ఉండదు. గుర్తుగా పక్క కుట్టులో చిన్న ఎర్రగుడ్డ నాలుక కుట్టండి. అది లేకపోతే ఎవరింటి సంచినో తెచ్చి 20 రూపాయలు ఇమ్మంటారు. రంగు ముద్ర ఉతుకులో పోతుంది. అంగట్లో రెండు బుట్టలు ఉండాలి, వచ్చినవి ఒకదాంట్లో, ఉతికినవి ఒకదాంట్లో. ఎర్రగడ్డ పొట్టు, మన్ను అంటిన సంచి ఇస్తే మరుసటిసారి ఆ మనిషి తీసుకోదు.

సంచితో తీరనివి తడి సరుకులు. కోడికూర, చేపలకు మూత గట్టిగా పట్టే స్టీలు గిన్నె తెచ్చుకోవాలి. గిన్నె బరువు కూడా కలిపి తూచేస్తారేమోనని జనం తేరు. ఎలక్ట్రానిక్ త్రాసు మీద టేర్ అనే మీట ఉంటుంది, ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే సున్నా చూపిస్తుంది. సున్నా చూశాకే మాంసం వేయమని ఒక అట్ట మీద రాసి ప్రతి మాంసం అంగట్లో వేలాడదీయండి. ఇడ్లీ పిండికి, పెరుగుకు కూడా ఇదే. టిఫిన్ అంగట్లో కాగే సాంబారు పలుచని కవర్లో పోయించుకోవడం మొట్టమొదట మాన్పించాల్సింది, క్యారియరు తెచ్చినవాళ్ళకు ఒక గరిటె ఎక్కువ పోయమని అంగడాయన్ని ఒప్పించు. పూలకు అరటాకు, అరటినార ఉండనే ఉన్నాయి. కవర్లో మల్లెపూలు చెమర్చి సాయంత్రానికి గోధుమరంగుకు తిరుగుతాయి, ఆకులో చల్లగా ఉంటాయి.

బజ్జీలు, బోండాలు పాత న్యూస్‌పేపర్లో కట్టొద్దు. సిరా నూనెలో కలుస్తుందని ఆహార భద్రతా సంస్థ కూడా హెచ్చరించింది. సబ్బులు, గాజులు, మేకులు లాంటి వాటికి పేపరు సంచి సరే. జిగురుకు మైదా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతుంటారు, అది విషం, సరుకుల సంచులకు వద్దు.

గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు తెచ్చి ఇవి మంచివే అంటారు. దగ్గరగా చూడు, నేత పోగులు ఉండవు, చుక్కచుక్కల అచ్చు ఉంటుంది. అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఒక కొన కత్తిరించి అగ్గిపుల్ల పెట్టు. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, అది కరిగి గట్టి పూస అవుతుంది. ఎండకు కొన్నాళ్ళుంటే పొడి పొడిగా రాలుతుంది. మట్టిలో కలిసిపోతాయని అమ్మే కవర్లు కూడా పెద్ద కంపోస్టు కేంద్రంలోని వేడిలో కుళ్ళేవే, కాలువలో పడితే మామూలు కవరులాగే నీటికి అడ్డం పడతాయి.

చట్టం విషయం అంగళ్ళవాళ్ళు అడుగుతారు, కాబట్టి తెలిసి ఉండు. 2021 ఆగస్టులో నిబంధనలు మార్చారు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని కవర్లు ఎక్కడా అమ్మకూడదు, ఇవ్వకూడదు. జిరాక్స్ కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు, దానికన్నా పలుచగా తగిలే కవరు నిషేధంలో ఉన్నదే. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు, స్ట్రాలు, 100 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ బ్యానర్లు 2022 జూలై 1 నుంచే నిషిద్ధం. మీ ఫ్లెక్సీలు మానేసి గుడ్డ మీద రాయించండి. అయితే జరిమానా మాటతో అంగడి గడప తొక్కొద్దు, అది మున్సిపాలిటీ వాళ్ళ పని. మీరు అడగాల్సింది కవర్ల కట్టను కళ్ళకెదురుగా వేలాడదీయకుండా గల్లాపెట్టె కింద పెట్టమని మాత్రమే. కనబడకపోతే అడిగేవాళ్ళు తగ్గుతారు. చట్టం ఒప్పుకునే మందం కవరు ఇవ్వక తప్పనప్పుడు, ధర చెప్పి విడిగా బిల్లులో రాసి డబ్బు తీసుకోవాలి. 2002లో ఐర్లాండులో కవరుకు 15 సెంట్లు కొనేవాడి దగ్గరే వసూలు చేయడం మొదలుపెడితే వాడకం 90 శాతం దాకా పడిపోయింది. సరుకు ధరలోనే కలిపేస్తే ఎవరికీ తెలియదు, ఎవరూ మారరు.

ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పు. మిగిలిన అన్నం కవర్లో ముడివేసి వీధిలో పడేయొద్దని. ఆవు ముడి విప్పుకోలేదు, కవరుతో సహా మింగుతుంది. అది జీర్ణం కాదు, బయటికీ రాదు, పొట్టలో ముద్దకట్టి మేతకు చోటు లేకుండా చేస్తుంది. పొట్ట ఉబ్బి చూస్తే మేసినట్టే ఉంటుంది, లోపల ఆకలితో చిక్కిపోతుంది. ఇది తలచుకుంటే నాకు మనసు నిలవదు పాపా.

పని అక్టోబరుకు ముందే మొదలైతే మంచిది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో నీకు తెలుసు. దానికి కవర్లే కారణమని నేను అనను, కురిసిన వాన అలాంటిది. కానీ కాలువ మోరీ దగ్గర ఇనుప జల్లెడకు నాలుగు కవర్లు అతుక్కుంటే చిన్న వానకే నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. 1988, 1998 వరదల్లో కాలువలు పూడిపోవడం చూసే బంగ్లాదేశ్ 2002లో పలుచని కవర్లను నిషేధించింది.

ఎంతమంది ప్రతిజ్ఞ చేశారన్నది లెక్క కాదు. వారానికి ఒక సాయంత్రం 6 నుంచి 8 దాకా ఒక అంగడి ఎదుట కూర్చుని మూడు గీతల వరుసలు వేయండి. కవరుతో వెళ్ళినవాళ్ళు, సొంత సంచితో వెళ్ళినవాళ్ళు, మన సంచితో వెళ్ళినవాళ్ళు. దాంతోపాటు అంగడాయన నెలకు ఎన్ని కిలోల కవర్లు కొన్నాడో అడిగి రాసుకోండి. అది తగ్గితేనే పని జరిగినట్టు. మన సంచి వరుస మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది. సొంత సంచి వరుస పెరుగుతూ అది తగ్గితే మంచిదే, కవరు వరుస పెరుగుతూ తగ్గితే సంచులు చాలలేదనో, మురికిగా ఉన్నాయనో అర్థం.

కొలతల కాగితం, కుట్టిన సంచి ఒకటి, కుట్లు విప్పిన సంచి ఒకటి కలిపి పంపుతున్నాను. విప్పినదాన్ని మీ కుట్టేవాళ్ళకు చూపించు, పిడి మడతలోకి ఎలా దూరిందో నోటితో చెప్తే అర్థం కాదు. మీ అత్తమ్మ దగ్గర నూలు చీరలు ఉంటాయి, ముందు ఆమెనే అడుగు.

మీ అమ్మ