గంట కొట్టే కోతి, కాలిన కాయిల్

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేనిక్కడ ఫ్రీమాంట్‌లో ఓ పాత పిన్‌బాల్ మెషీన్ కొన్నా, అదే, ఏటవాలు బోర్డు మీద ఉక్కు బంతిని పరిగెత్తించి పాయింట్లు కొట్టే ఆట, ఇది నీకే చెప్పాలి ఎందుకంటే దీని పొట్టనిండా నీ వైండింగ్ షాపు సామానే! పేరు సెంట్రల్ పార్క్, షికాగో గాట్లీబ్ కంపెనీ వాళ్ళు 1966లో చేసింది, వెనక అద్దంలో ఓ కోతి గంట కొడుతుంది, మా చిన్నది దాని ముందునుంచి కదలట్లేదు.

బోర్డు ఎత్తి చూస్తే చిప్ ఒక్కటి లేదురా. అన్నీ కరెంటుతో పడే స్విచ్‌లు అంటే రిలేలు, తీగ చుట్టిన కాయిల్స్, గుడ్డ చుట్టిన వైర్లు, ఓ చిన్న మోటరు. 50 పాయింట్లు పడాలంటే ఆ మోటరు తిరిగి కాంటాక్ట్‌ని ఐదుసార్లు కొడుతుంది, పదుల చక్రం టకటకా ఐదు అంకెలు జరుగుతుంది, తొమ్మిది దాటేటప్పుడు అక్కడున్న స్విచ్ వందల చక్రాన్ని ఒకటి జరుపుతుంది. మాస్టారు చెప్పిన "చేతిలో ఒకటి" ఇదే కదరా! రోజంతా కోడ్ రాసేవాడిని, కూడిక కళ్ళముందు జరుగుతుంటే ఒళ్ళు పులకరించింది.

అసలు బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న రెక్కలు, ఫ్లిప్పర్లు, వచ్చింది 1947లో, గాట్లీబ్ వాళ్ళ హంప్టీ డంప్టీ అనే మెషీన్‌తోనే. అంతకుముందు బంతి వదిలాక దాని దయ, అందుకే జూదమని 1942లో న్యూయార్క్‌లో బ్యాన్ చేసి మెషీన్లు సుత్తులతో పగలగొట్టారు. 1976లో రోజర్ షార్ప్ అనే కుర్రాడు సిటీ కౌన్సిల్ వాళ్ళ ముందు ఆడి, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి అలాగే పంపాడు, బ్యాన్ పోయింది. కానీ కొన్నేళ్ళకే ఎలక్ట్రానిక్ బోర్డులొచ్చి ఈ రిలేల మెషీన్లు చేయడమే మానేశారు, అది తల్చుకుంటే బాధేస్తుంది.

ఇక అసలు సంగతి. ఎడమ ఫ్లిప్పర్ కాయిల్ కాలిపోయింది. అందులో రెండు వైండింగులు రా, కొట్టడానికి లావు తీగ, పట్టి ఉంచడానికి సన్న తీగ. ఫ్లిప్పర్ పూర్తిగా లేవగానే చివర స్విచ్ విడిపోయి సన్న తీగ కూడా సిరీస్‌లోకొస్తుంది, కరెంటు తగ్గుతుంది, బటన్ నొక్కిపట్టినా వేడెక్కదు. ఎప్పుడో ఎవరో ఆ స్విచ్ ఆకు వంచేసినట్టున్నారు, అది విడిపోవట్లేదు. ఆకు నేను సరిచేశా. కొత్త కాయిల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ నాకు నీచేత చుట్టించాలని ఉందిరా. కాలినది విప్పకుండా దాచా, డిసెంబర్లో వచ్చేటప్పుడు తెస్తా. కుడివైపుది బాగుంది, రెండు వైండింగుల ఓమ్స్ కొలిచి పంపితే చాలా, తీగ గేజ్ కూడా చూడాలా?