లాబ్‌స్టర్ వీడియోల్లో ఆ ఇత్తడి కొలబద్ద

సంపాదకులు గారికి,

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర మత్స్యకారులు పెట్టే లాబ్‌స్టర్ (రొయ్యకు బంధువైన పెద్ద సముద్ర జీవి) వీడియోలు మన ఫోన్లలోనూ బాగానే తిరుగుతున్నాయి. బోను పైకి లాగడం, గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్ వీపు మీద అతుక్కున్న బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవుల్ని గీకడం, కొండిలో ఓ ఎర చేప పెట్టి మళ్ళీ నీళ్ళలోకి వదలడం. కింద ‘ఎంత మంచి మనసో’ అని తెలుగులో వ్యాఖ్యలు. మనసు మంచిదే కావచ్చు. కానీ వదలకపోతే జరిమానా, ఆపైన లైసెన్సుకే ఎసరు. అర నిమిషం వీడియోలో ఇది చెప్పడం కుదరదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు బోను సంగతి. ప్లాస్టిక్ పూత వేసిన తీగతో అల్లిన పెట్టె అది, సుమారు 4 అడుగుల పొడవు, అడుగున బరువుకు ఇటుకలు. లోపల రెండు గదులు. ఎర సంచి వేలాడే గదిని అక్కడివాళ్ళు ‘వంటిల్లు’ అంటారు. హెర్రింగ్ వంటి వాసనగల చేపలే ఎర. తిని బయటపడబోయిన లాబ్‌స్టర్ వల గరాటులోంచి రెండో గదిలోకి జారుతుంది, దాని పేరు ‘హాలు’. అక్కడ రెండంగుళాలకు కాస్త తక్కువ ఎత్తున్న కిటికీ ఉండి తీరాలి. చిన్నవి అందులోంచి వాటి దారిన అవి పోతాయి. ఇంకో చిన్న తలుపును తుప్పు పట్టే ఇనప రింగులతో బిగిస్తారు. తాడు తెగి బోను సముద్రం అడుగునే ఉండిపోతే, కొన్నాళ్ళకు ఆ రింగుల్ని తుప్పు తినేసి తలుపు ఊడిపోతుంది. ఆ ఏర్పాటు లేకపోతే లోపల చచ్చినవే ఎరగా మారి మరికొన్నిటిని రప్పిస్తాయి. పట్టేవాడు లేకుండానే ఆ బోను చంపుతూ ఉంటుంది.

ఒక లైసెన్సుకు 800 బోనులు మించకూడదు, ప్రతి బోనుకూ ట్యాగు ఉండాలి. పడవతో ఈడ్చే ట్రాలు వలతో లాబ్‌స్టర్ పట్టడం ఆ రాష్ట్రంలో నిషేధం.

ఇక కొలత. వీడియోల్లో వాళ్ళ చేతిలో మెరిసే ఇత్తడి కొలబద్దను కంటి గుంట వెనక అంచున ఆనించి, వీపు చిప్ప చివరి దాకా, నడుమ గీతకు సమాంతరంగా పెడతారు. 3¼ అంగుళాలకు తగ్గితే సముద్రంలోకే, 5 అంగుళాలు దాటినా సముద్రంలోకే. కొలబద్దను ఏటవాలుగా పెట్టినా, కంటి గుంట దగ్గర కాకుండా ముక్కు ముల్లు నుంచి కొలిచినా పిల్ల కూడా పెద్దదై కూర్చుంటుంది. ఆ 3¼ అంగుళాలకు ఎదగడానికి 5 నుంచి 7 ఏళ్ళు పడుతుంది, తూకం చూస్తే అరకిలో. కనీస కొలతను అంగుళంలో పదహారో వంతు పెంచుదామంటేనే మత్స్యకారులు గట్టిగా ఎదురు తిరిగారు, 2025లో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఈ వ్యాపారంలో వెంట్రుకవాసి తేడాకూ ధర ఉంటుంది మరి.

గుడ్లున్నదాని తోక రెక్కకు ‘వి’ ఆకారపు గాటు పెట్టడం చూసి కొందరు హింస అన్నారు. గుడ్లు పొదిగిపోయాక కూడా ఆ గాటు కనిపిస్తే ఎవరి బోనులో పడినా దాన్ని అమ్మకూడదు. పెంకు కొన్నిసార్లు విడిస్తే గానీ ఆ గుర్తు చెరగదు. అంటే ఒక్క గాటుతో ఆ ఆడదానికి కొన్నేళ్ళ రక్షణ. కొండీలకు రబ్బరు బ్యాండ్లు వేసేది ఒకదాన్నొకటి నరుక్కోకుండా.

మన తీరానికొస్తే ఇక్కడివి కొండీలు లేని ముళ్ళ లాబ్‌స్టర్లు. రాళ్ళ పక్కన వేసే అడుగు వలల్లో కాళ్ళు చుట్టుకుంటాయి. విడదీసేసరికి కాలో మీసమో విరుగుతుంది, వదిలినా బతుకుతుందన్న నమ్మకం తక్కువ. ఎగుమతికి కేంద్రం 2003లోనే రకాన్ని బట్టి 200, 300, 500 గ్రాముల కనీస బరువులు పెట్టింది. అయితే ఆ తూకం పడేది ఒడ్డున, ఎగుమతిదారు దగ్గర. అప్పటికి వదలడానికి సముద్రం దగ్గర్లో ఉండదు. ఊగే పడవలో కాటా నిలవదు కదా, ఆ బరువులకు సరిపడే చిప్ప పొడవును మన రకాల మీదే సరిచూసి, రకానికో స్టీలు కొలబద్ద మత్స్యశాఖ పడవ పడవకూ ఇస్తే ఖర్చు ఏపాటిది?

విశాఖ, కాకినాడ వైపు రీల్స్ చేసే కుర్రాళ్ళకు ఓ మాట. లాబ్‌స్టర్‌ను మీసాలు పట్టి లేపకండి, వీపు చిప్ప దగ్గర పట్టుకోండి. గుడ్లున్నది దొరికితే ఒక నిమిషంలో చిత్రీకరణ ముగించండి, ఎండకు గుడ్లు ఎండిపోతాయి. జీపీఎస్ తెర కనబడకుండా గుడ్డ కప్పండి, లేదంటే రేపు మీ రాళ్ళ మీద మీకంటే ముందు పొరుగు పడవ ఉంటుంది. వల దింపేటప్పుడు సెల్ఫీ కర్ర అసలు వద్దు. పరుగెత్తే తాడు చుట్టలో పాదం పడితే మనిషిని కూడా లాక్కుపోతుంది. కెమెరాను గుంజకు కట్టేసి, చేతికందే చోట కత్తి ఉంచుకోండి.

- ఒక పాఠకుడు, భీమునిపట్నం