పాత పొగాకు పైపును ఉప్పుకాగితంతో రుద్దకండి

సంపాదకులకు నమస్కారం.

పాత బ్రయర్ పైపు, అంటే బ్రయర్ అనే మొక్క వేరు కర్రతో చేసిన పొగాకు పైపు, చేతికి రాగానే చాలామంది ఉప్పుకాగితంతో దాని ఒళ్లంతా రుద్దేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కాడ (గిన్నెకూ నోటి గొట్టానికీ మధ్య ఉండే కర్ర భాగం) మీది ముద్ర చెరిగిపోతే అది ఏ కంపెనీదో, ఏ కాలానిదో తెలిపే ఆధారమే పోతుంది.

పొగాకు నింపే గిన్నె లోపలి మసి పెచ్చును పూర్తిగా గీకెయ్యకూడదు, ఒక మిల్లీమీటరు మందం ఉంచాలి. అంతకు మించి పేరుకుంటే వేడికి ఉబ్బి కర్రను పగలగొడుతుంది. పాత కంపు పోవాలంటే గిన్నెలో దూది కూరి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి దూది ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆల్కహాల్ బయటికి ఒలికితే మెరుపు పోతుంది, జాగ్రత్త. మీర్‌షామ్ అనే మెత్తటి తెల్ల ఖనిజంతో చేసిన పైపులకు ఈ పద్ధతి వద్దు.

నోట పెట్టుకునే వల్కనైట్ గొట్టం గంధకం కలిపిన రబ్బరు. ఎండ తగిలితే పాచిరంగుకు మారి చేదెక్కుతుంది. ఈ గొట్టానికి మాత్రం 600, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్లను (తడిపి వాడే సన్నని ఉప్పుకాగితాలు) తడిపి, వరసగా రుద్దితే నలుపు తిరిగి వస్తుంది. అంచులు మాత్రం అరగనివ్వకండి.

కాల్చాక వేడి మీద గొట్టం లాగితే కాడ చీలుతుంది. చల్లారాక తిప్పుతూ తీసి, పైప్ క్లీనర్‌తో (నూగు చుట్టిన సన్నని తీగ) లోపలి తడి తుడిచి, కనీసం ఒక రోజు ఆరనివ్వాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం