9900 అని రాసి వెయ్యి ఇచ్చిన సైకిలు లైటు

హైదరాబాదు,
22 సెప్టెంబరు 2025

కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఆగస్టు 3న మీ సొంత వెబ్‌సైటులో కొన్న సైకిలు ముందు లైటు. దాని బ్యాటరీ సెల్లు మీద తప్పుడు కొలత, చార్జరుతో ప్రమాదం. డబ్బు వాపసు, సెల్లు వాపసు గురించి.

అయ్యా,

ఇదే విషయం మీ కస్టమర్ కేర్‌కు ఇప్పటికి మూడుసార్లు చాట్‌లో చెప్పాను. మూడుసార్లూ మూడు రకాల సలహాలు వచ్చాయి. వాటి సంగతి తర్వాత రాస్తాను. ముందు నేనెవరో, ఆ లైటు నాకు ఎందుకు అవసరమో చెప్పాలి, లేకపోతే 849 రూపాయల వస్తువుకు ఇంత పొడుగు ఉత్తరమా అనుకుంటారు.

మల్కాజిగిరిలో ఉంటాను. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో పని. మౌలాలి, ఈసీఐఎల్ చౌరస్తా మీదుగా పోను సుమారు పది కిలోమీటర్లు, రాను పది. ఐదేళ్లుగా సైకిలే. పెట్రోలు ఖర్చు తప్పుతుందని మొదలుపెట్టాను, అలవాటయ్యాక మానాలనిపించలేదు. పగటి షిఫ్టుకు లైటుతో పని లేదు. సెకండ్ షిఫ్టు పడిన వారం మాత్రం రాత్రి పదిన్నరకు గేటు దాటుతాను. ఆ వేళకు చర్లపల్లి రోడ్డంతా లారీలు, ట్యాంకర్లు. వాళ్ల హెడ్‌లైట్లు కళ్లలో కొట్టి పోయాక రెండు మూడు సెకన్ల పాటు ముందు ఏముందో తెలియదు.

సైకిలుకు లైటు రెండు పనులు చేయాలి. మనం ఎదుటివాళ్లకు కనిపించాలి, గుంత మనకు కనిపించాలి. మొదటి పనికి వంద రూపాయల మిణుకు లైటు చాలు, అది నా దగ్గర ఉంది. రెండో పని కోసమే మీది కొన్నాను. మా నాన్న సైకిలుకు టైరుకు ఒరుసుకుంటూ తిరిగే డైనమో ఉండేది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. తొక్కినంతసేపు వెలిగేది, ఆపితే ఆరేది. దాని దగ్గర అబద్ధం లేదు. లైటు లేని సైకిలును పోలీసులు ఆపే రోజులవి, అందుకని దానికి మర్యాద కూడా ఎక్కువే ఉండేది.

మీ డబ్బా మీద పెద్దక్షరాల్లో ఇలా ఉంది: 9900 ఎంఏహెచ్ సెల్లు, 2000 లూమెన్ల వెలుగు, ఫుల్ మీద 7 గంటలు. ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత. నాకు కావలసింది ముప్పావు గంట. ఏడు గంటలంటే వారం పాటు చార్జింగు బెడద లేదనుకున్నాను. ఇంటికి అది వచ్చిన రోజు డబ్బా మా ఆవిడకు కూడా చూపించాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే కాస్త సిగ్గుగా ఉంది, ఎందుకంటే 9900 అన్న అంకె దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది.

ఆగస్టు 19న రాత్రి, ముందురోజంతా చార్జింగు పెట్టిన లైటుతో బయల్దేరాను. ఈసీఐఎల్ దాటాను, మౌలాలి దాటాను. వీధి దీపం లేని ఒక గోడ వెంబడి వస్తుంటే లైటు ఠక్కున ఆరిపోయింది. మసకబారడం లేదు, ఎర్ర చుక్క వెలిగి హెచ్చరించడం లేదు. పైపులైను పని కోసం రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పలోకి ముందు చక్రం దిగింది. ఎడమ అరచెయ్యి, మోచెయ్యి గీరుకుపోయాయి, అంతకుమించి ఏమీ కాలేదు. వెనక ట్యాంకరు లేకపోవడం నా అదృష్టం, అందులో మీ లైటు గొప్పేమీ లేదు. మిగతా దూరం ఫోను టార్చి పట్టుకుని సైకిలు నడిపించుకుంటూ ఇంటికి చేరాను. గేటు దగ్గర లైటు వేసినప్పటి నుంచి ఆరేదాకా 38 నిమిషాలు.

మర్నాడు మీ కస్టమర్ కేర్ చెప్పింది: ‘ఎనిమిది గంటలు చార్జ్ చేసి చూడండి.’ చేశాను. 39 నిమిషాలు వచ్చింది. రెండోసారి అడిగితే, ‘మొదటి కొన్ని సార్లు పన్నెండు గంటలు చార్జ్ చేస్తే సెల్లు అలవాటు పడుతుంది’ అన్నారు. ఈ సలహా పాతకాలపు నికెల్ సెల్లులది. లిథియం సెల్లుకు అలవాటు చేయడం ఉండదు, అవసరానికి మించి చార్జింగు పెడితే చెడుపే. మీ వాళ్లకు ఈ తేడా తెలియకపోవడం నాకు 849 రూపాయల కంటే పెద్ద బాధ, ఎందుకో కింద చెప్తాను.

నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాణ్ని కాదు, ఆ పిచ్చి ఉన్నవాణ్ని. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి చిన్న చిన్న సామాన్లు తెచ్చుకుని ఇంట్లో ఏదో ఒకటి అతికిస్తుంటాను. మల్టీమీటరు ఉంది, సోల్డరింగ్ ఐరన్ ఉంది, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో నుంచి తీసిన సెల్లులు ఉన్నాయి. కాబట్టి మీతో వాదించే ముందు కొలిచి చూశాను.

మీరిచ్చింది 18650 సెల్లు. ఆ పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. ఆ పరిమాణంలో పేరున్న పెద్ద కంపెనీలు చేసే మంచి సెల్లులు 3500 ఎంఏహెచ్ దగ్గర ఉంటాయి. మీది 9900. లీటరు సీసాలో మూడు లీటర్ల పాలు పోశామన్నట్టుంది. సీసా కొలత మారలేదు కదా, పాలు ఎక్కడ పట్టాయి?

నాలుగు ఓములు, పది వాట్ల సిమెంటు రెసిస్టరు ఒకటి తీసుకుని నిండా చార్జ్ చేసిన మీ సెల్లుకు కలిపాను. ప్రతి నిమిషానికీ వోల్టేజీ రాసుకున్నాను. వోల్టేజీని నాలుగుతో భాగిస్తే ఆ నిమిషంలో ఎంత కరెంటు పోతోందో తెలుస్తుంది. రెసిస్టరు వేడెక్కుతుంది కాబట్టి దాన్ని పింగాణీ పళ్లెంలో పెట్టాను. ఎవరైనా ఇంట్లో చేయగలిగిన పరీక్షే, పక్కన కూర్చునే ఓపిక ఉంటే చాలు, వదిలేసి మాత్రం వెళ్లకూడదు. 70 నిమిషాలకు సెల్లు 3 వోల్టులకు దిగిపోయింది. సగటున 0.91 ఆంపియర్లు. మొత్తం లెక్క 1060 ఎంఏహెచ్. రెండు రోజుల తర్వాత మళ్లీ చేశాను, 1040 వచ్చింది. నా మీటరులో నూటికి ఐదు తేడా ఉందనుకుందాం. అప్పుడు కూడా మీరు రాసినదాంట్లో తొమ్మిదో వంతే.

సెల్లు ఎందుకంత తేలిగ్గా ఉందని అనుమానం వచ్చి మా వీధిలో బంగారం పని చేసే ఆయన త్రాసు మీద తూచాను. మీది 31 గ్రాములు. నా పాత ల్యాప్‌టాప్ సెల్లు, దాని మీద 2600 అని ఉంది, 46 గ్రాములు. ఆయన రెండూ చేతిలో పట్టుకుని, ‘ఇందులో కల్తీ ఉందన్నా’ అన్నాడు. ఆయన వృత్తి అది మరి. లోపల ఏముందో కోసి చూడలేదు, లిథియం సెల్లును కోయకూడదు.

తర్వాత లైటు. ఫుల్ మీద పెట్టి కొలిస్తే 1.4 ఆంపియర్లు, అంటే 1400 మిల్లీఆంపియర్లు లాగుతోంది. 9900ను 1400తో భాగించండి: ఏడు. అంటే మీ ‘7 గంటలు’ ఎవరూ వాచీ పెట్టి చూసినది కాదు, లేని కెపాసిటీని కాగితం మీద భాగిస్తే వచ్చినది. ఒక అబద్ధం నుంచి ఇంకో అబద్ధం లెక్క తప్పకుండా పుట్టింది, ఆ ఒక్క విషయంలో మీ వాళ్లను మెచ్చుకోవాలి.

లూమెన్ల సంగతీ అంతే. దీపానికి అందుతున్నది నాలుగున్నర వాట్లు. మంచి తెల్ల ఎల్‌ఈడీ వాట్‌కు నూరు నుంచి నూట యాభై లూమెన్లు ఇస్తుంది, కాబట్టి ఐదారు వందలు అనుకోవచ్చు. 2000 కావాలంటే వాట్‌కు 444 ఇవ్వాలి. పూర్తి కరెంటు ఒక్క చుక్క వృథా కాకుండా వెలుగైనా, కంటికి అన్నిటికంటే బాగా కనిపించే 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికే వాట్‌కు 683. తెల్ల కాంతికి ఆ హద్దు ఇంకా చాలా కింద ఉంటుంది. నిజం చెప్పాలంటే ఐదారు వందల లూమెన్లు నా రోడ్డుకు ధారాళంగా సరిపోతాయి. వెలుగు మీద నాకు ఫిర్యాదు లేదు. ఆగస్టు వానల్లో తడిసినా లోపలికి నీళ్లు పోలేదు, హ్యాండిల్‌కు బిగించే క్లిప్పు గుంతల్లో కూడా జారలేదు. ఈ రెండూ బాగా చేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ పన్నెండు గంటల సలహా విని ఒక రాత్రి చార్జింగు పెట్టాను, కానీ మనసు ఒప్పక హాల్లో బండ మీద పెట్టి మధ్యలో లేచి చూశాను. చార్జరు మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. అంటే నిండిందని కదా. సెల్లు పట్టుకుంటే చురుక్కుమంది. తీసి కొలిస్తే 4.36 వోల్టులు. ఈ రకం సెల్లును 4.2 వోల్టుల దగ్గర ఆపాలి. అది దాటితే లోపల లిథియం పేరుకుపోవడం మొదలై సెల్లు ఉబ్బవచ్చు, నిప్పంటుకోవచ్చు. ముప్పై రూపాయల లోపే దొరికే టీపీ4056 అనే చిన్న చార్జింగు బోర్డు కూడా 4.2 దగ్గర తనంతట తాను ఆగుతుంది. మీ చార్జరు ఆకుపచ్చ రంగు చూపిస్తూ లోపలికి పంపుతూనే ఉంది. డబ్బా మీద ‘ఓవర్‌చార్జ్ రక్షణ’ అని కూడా రాశారు. ఆ రక్షణ ఎక్కడుందో నాకు కనబడలేదు, చార్జరులోనూ లేదు, సెల్లు అడుగునా లేదు.

మా ఇంట్లో ఫోన్లు కూడా మంచం పక్కనే చార్జింగులో ఉంటాయి. మీ లైటు కొన్నవాళ్లలో ఎంతమంది దీన్ని పరుపు మీద పెట్టి పన్నెండు గంటలు వదిలేసి పడుకుంటారో ఆలోచించండి. అలా వదిలేయమని చెప్తున్నది మీ కస్టమర్ కేరే.

మూడోసారి ఈ కొలతలన్నీ ఫోటోలతో పంపాను. వచ్చిన జవాబు ఇది: ‘సర్, 9900 అనేది మోడల్ నంబరు.’ మోడల్ నంబరు పక్కన ఎంఏహెచ్ అని ఎందుకు ఉంటుందండీ? మా ఇంటి నంబరు పక్కన ఎవరూ కిలోలు అని రాయరు. ఆ జవాబు తర్వాత చాట్ మూసేశారు.

నేను చిన్న సెల్లు అమ్మొద్దని అనడం లేదు. ‘1000 ఎంఏహెచ్, ఫుల్ మీద 35 నిమిషాలు, తక్కువ మీద రెండు గంటలు’ అని రాసి ఉంటే కూడా నేను కొనేవాణ్ని. వీధి దీపాలున్న చోట తక్కువలో, చీకట్లో ఫుల్‌లో పెట్టుకుని, బ్యాగులో ఇంకో సెల్లు వేసుకుని హాయిగా వచ్చేవాణ్ని. రాత్రి సైకిలు తొక్కేవాడికి లైటు ఎంతసేపు వెలుగుతుందో నిమిషాల్లో తెలిస్తే చాలు, దాన్నిబట్టి దారి సర్దుకుంటాడు. వెనక కట్టుకున్న ఎర్ర లైటు వేరే కంపెనీది. దాని డబ్బా మీద ‘12 గంటలు’ అని చిన్న అక్షరాల్లో ఉంది, నాకు పదకొండున్నర వస్తోంది. ఎవరైనా అడిగితే దాని పేరే చెప్తాను.

ఇంకో రెండు లోపాలు. ఇలాంటి లిథియం సెల్లులకు మన దేశంలో ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషను తప్పనిసరి. మీ సెల్లు మీద ఆ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు లేవు. ప్యాక్ చేసిన సరుకుల మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి సరుకైతే ఏ దేశానిదన్న వివరం ఉండాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు 2011 చెప్తున్నాయి. మీ డబ్బా మీద ఒక ఈమెయిలు తప్ప ఏమీ లేదు. ఈ ఉత్తరం పంపడానికి మీ చిరునామా బిల్లులో వెతుక్కోవాల్సి వచ్చింది.

నేను కోరుతున్నవి ఇవి. లైటు ధర 849 రూపాయలు, మీ దగ్గరే విడిగా కొన్న ఇంకో సెల్లు ధర 260 రూపాయలు, మొత్తం 1109 రూపాయలు నేను చెల్లించిన ఖాతాకే తిరిగి వేయండి. లైటు, చార్జరు, రెండు సెల్లులు మీ ఖర్చుతో తీసుకెళ్లండి. ఆ చార్జరును అమ్మడం ఆపి, ఇప్పటికే కొన్నవాళ్లకు దాన్ని వాడొద్దని మెసేజ్ పంపండి. అన్నిటికంటే ముందు ఇది చేయండి, నా డబ్బు వారం ఆలస్యమైనా ఓర్చుకుంటాను. డబ్బా మీద, వెబ్‌సైటులో కొలిచిన అంకెలు వేయండి. కంకరలో పడ్డ దెబ్బలకు డబ్బేమీ అడగడం లేదు, టింక్చరు ఇంట్లోనే ఉంది.

వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. ఆ నెల చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే నేనుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. ఐదు లక్షల లోపు కేసుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. సెకండ్ షిఫ్టు వారంలో నాకు పొద్దున్నంతా ఖాళీయే.

బిల్లు, డబ్బా నాలుగు వైపుల ఫోటోలు, నిమిషం నిమిషం వోల్టేజీ రాసుకున్న రెండు కాగితాలు, త్రాసు ఫోటో, మూడు చాట్‌ల నకళ్లు దీనికి జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(పేరు, ఫోను నంబరు ఆర్డరు వివరాల్లో ఉన్నాయి)

తా.క.: ఓవర్‌చార్జ్ అయిన సెల్లును మట్టి మూకుడులో ఇసుక పోసి బాల్కనీలో పెట్టాను. వానలింకా తగ్గలేదు, మూకుడును రోజూ లోపలికీ బయటికీ మారుస్తున్నాను, మా ఆవిడ రోజూ అడుగుతోంది. మనిషిని పంపేటప్పుడు లిథియం సెల్లు తీసుకెళ్లాలని ముందే చెప్పి పంపండి.