2025 వార్షిక నివేదిక: సంఘం పనులు, వాటిని పంచుకున్న తీరు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2025లో అమెరికాలోని మన తెలుగు సంఘం సంక్రాంతి ముగ్గుల పోటీని, విశ్వావసు నామ సంవత్సర ఉగాదిని, వనభోజనాలను, దీపావళిని యథావిధిగా జరిపింది. (కార్తీకంలో ఇక్కడి చలికి ఉసిరిచెట్టు మాట అటుంచి ఏ చెట్టు కిందా కూర్చోలేము కాబట్టి, వనభోజనాలను ఎప్పటిలాగే వేసవిలోనే పెట్టుకున్నాము.) జమాఖర్చుల పట్టికను కోశాధికారి సభ ముందు విడిగా ఉంచుతున్నందున ఆ అంకెలను ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. వేడుకలు ఎలా జరిగాయో వచ్చినవారందరూ చూశారు. వాటి వెనుక పని నడిచిన పద్ధతిలో మాత్రం ఈ ఏడాది పెద్ద మార్పు వచ్చింది. రాబోయే కార్యవర్గానికి ఉపయోగపడేది కూడా అదే కాబట్టి నివేదికలో అధిక భాగాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ఇంతకుముందు పనులన్నీ వాట్సాప్ గ్రూపులోనే నడిచేవి. హాలు సంగతి ఎవరు చూస్తున్నారని ఒకరు అడిగితే నలుగురు బొటనవేలి గుర్తు పెట్టేవారు; ఇంతలో ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు మొదలై ఆ ప్రశ్న ఎక్కడో పైకి వెళ్లిపోయేది. వేడుక దగ్గరపడ్డాక తేలేదేమిటంటే, ఒకే పనిని ఇద్దరు చేసి ఉండేవారు, మరొక పనిని ఎవరూ ముట్టుకుని ఉండేవారు కాదు. అందువల్ల ప్రతి పనికీ ఒక చోటు, ఒక పేరు, ఒక గడువు ఉండేలా ట్రెల్లో అనే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను వాడాలని ఏడాది ఆరంభంలో కార్యవర్గం తీర్మానించింది. మన వాలంటీర్లలో అత్యధికులు ఐటీ ఉద్యోగులు. పొద్దంతా ఆఫీసులో టికెట్లు (సాఫ్ట్‌వేర్‌లో నమోదైన పనులు) మూసి ఇంటికొచ్చినవారిని రాత్రి సంఘం కోసం మళ్లీ టికెట్లు తెరవమనడం న్యాయమేనా అన్న అభ్యంతరం సమావేశంలో నవ్వుల మధ్యనే వచ్చినా, అందులో నిజం లేకపోలేదు. ఐటీ ఆఫీసుల్లో ఆ టికెట్లకు వాడే జిరా వంటి బరువైన సాధనాన్ని పక్కన పెట్టి ట్రెల్లోను ఎంచుకోవడానికి ఆ అభ్యంతరమే ప్రధాన కారణం.

2011లో విడుదలైన ట్రెల్లోను 2017లో జిరా తయారీ సంస్థ అయిన అట్లాసియన్ కొనుగోలు చేసింది. ఇందులో బోర్డు మీద నిలువు వరుసలు, వాటిలో కార్డులు ఉంటాయి; పని ముందుకు సాగినకొద్దీ కార్డును ఒక వరుసలో నుంచి పక్క వరుసలోకి జరుపుతాము. ఈ పద్ధతికి మూలం టయోటా కార్ల కర్మాగారాల్లో తైచీ ఓనో రూపొందించిన కాన్‌బాన్ విధానం. ఆ విధానంలో అసలు కిటుకు కార్డుల్లో కంటే, ఒకేసారి చేపట్టే పనులకు హద్దు పెట్టడంలో ఉంది. మేము కూడా ‘జరుగుతున్నవి’ అనే వరుసలో ఒక్కొక్కరి పేరున రెండు కార్డులకు మించి ఉండరాదని నియమం పెట్టుకున్నాము. ఉత్సాహం కొద్దీ అన్నీ నేనే చూస్తానని ముందుకు వచ్చేవారికి ఇది మొదట్లో రుచించలేదు గాని, మూడో పని కావాలంటే మొదటి రెండింటిలో ఒకదాన్ని పూర్తి చేయాలి లేదా ఇంకొకరికి అప్పగించాలి అనేసరికి పనులు కదిలాయి.

ట్రెల్లో ఉచిత పథకంలో 2024 నుంచి ఒక వర్క్‌స్పేస్‌లో (ఒక బృందం బోర్డులన్నీ ఉండే చోటులో) పది మందికి మించి సహకారులను చేర్చడానికి వీలులేదు. మన వాలంటీర్లు అంతకంటే చాలా ఎక్కువ. డబ్బు చెల్లించి అందరినీ చేర్చడానికి బదులు విభాగానికి ఒకరిని మాత్రమే బోర్డులోకి తీసుకున్నాము: వేదిక, భోజనాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, రిజిస్ట్రేషన్, అలంకరణ, కోశాధికారి, అధ్యక్షులు, కార్యదర్శి. మిగిలినవారికి వారి విభాగ బాధ్యులే ఫోనులోనో వాట్సాప్‌లోనో పని చెప్పి, ఫలితాన్ని బోర్డులో నమోదు చేశారు. పరిమితి వల్ల పెట్టుకున్న ఏర్పాటే అయినా, ఏ విభాగానికి ఎవరిని అడగాలన్నది దీనివల్లనే స్పష్టమైంది. ముఖ్యంగా వంటల విభాగంలోని పెద్దలు, అంటే వంద మందికి పులిహోర కలపడం కంటిచూపుతో తెలిసిన అమ్మలు, ఏ యాప్ జోలికీ పోనక్కరలేదు. భోజనాల బాధ్యురాలు వారంవారం వారికి ఫోను చేసి కార్డులను చదివి వినిపించేవారు; వారు చెప్పిన సవరణలను అక్కడికక్కడే రాసుకునేవారు.

కార్డు ఎలా రాయాలన్న దాని మీద మేము ఊహించినదానికంటే ఎక్కువ చర్చ జరిగింది. ఉగాది బోర్డులో మొదట ‘మైకులు చూడాలి’ అని ఒక కార్డు ఉండేది. చూడడం అంటే ఏమిటి? అద్దెకు తేవడమా, స్కూలు ఆడిటోరియంలో ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో కనుక్కోవడమా? సాంస్కృతిక విభాగ బాధ్యురాలు దాన్ని తీసేసి, ‘నాలుగు కార్డ్‌లెస్ మైకులను కొత్త బ్యాటరీలతో ముందురోజు రాత్రి వేదిక మీద పరీక్షించి, ఎడమ తెర వెనుక బల్ల మీద ఉంచాలి’ అని రాశారు. అక్కడి నుంచి ‘చూడాలి’ అనే మాట ఉన్న కార్డును దేన్నీ అంగీకరించలేదు. పని పూర్తయిందని మూడో మనిషి కూడా చెప్పగలిగేలా రాయడం, కార్డుకు ఒక్కరి పేరే పెట్టడం అనే ఈ రెండు నియమాల వల్ల కలిగిన మేలు సాఫ్ట్‌వేర్‌లోని మిగతా సౌకర్యాలన్నిటి వల్ల కలిగినదానికంటే ఎక్కువని కార్యవర్గం అభిప్రాయం. ఉగాది పచ్చడి కార్డులోని చెక్‌లిస్టులో మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం, కారం, ఉప్పులకు చివరి వారం గడువు పెట్టి, ఎండు వేపపువ్వుకు మాత్రం నెల ముందే గడువు పెట్టాము. పండుగ దగ్గరపడ్డాక ఇక్కడి ఇండియన్ దుకాణాల్లో అది దొరకదని తెలిసినవారు ఆ మాటను కార్డులోనే రాసిపెట్టారు.

ఇలాంటి సమాచారం తరువాతివారికి అందడమే ఈ పద్ధతి వల్ల కలిగే దీర్ఘకాలిక ప్రయోజనం. కార్యవర్గం మారినప్పుడల్లా స్కూల్ డిస్ట్రిక్ట్ వారు హాలు ఇవ్వడానికి అడిగే బీమా ధ్రువపత్రం, అందులో వారి పేరు ఏ విధంగా ఉండాలన్నది, కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి తాత్కాలిక ఆహార అనుమతికి ఎప్పుడు దరఖాస్తు చేయాలన్నది మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవలసి వచ్చేది. ఇప్పుడవి మూస బోర్డులో కార్డులుగా ఉన్నాయి. కొత్త వేడుకకు ఆ బోర్డును నకలు తీసి గడువులు మారిస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యమైన కార్డు ఆదాయపు పన్ను శాఖకు సంబంధించినది. 501(సి)(3) సంస్థగా, అంటే పన్ను మినహాయింపు పొందిన లాభాపేక్ష లేని సంస్థగా, మనం ఏటా ఫారం 990 అనే వార్షిక నివేదిక పత్రాల వర్గంలో మన రాబడికి తగినదాన్ని దాఖలు చేయాలి. మన లెక్కల సంవత్సరం క్యాలెండర్ సంవత్సరమే కాబట్టి 2025 లెక్కలకు గడువు 2026 మే 15. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే పన్ను మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది. అందుకని ఈ కార్డును కోశాధికారి పేరున ఉంచి, అధ్యక్షులకు కూడా గుర్తుచేసే ఏర్పాటు చేశాము.

గోప్యత విషయంలో కొన్ని కట్టుబాట్లు పాటించాము. ట్రెల్లో బోర్డును పబ్లిక్‌గా పెడితే సభ్యత్వం లేనివారు కూడా చూడగలరు, సెర్చ్ ఇంజన్లకూ అది దొరుకుతుంది. అందువల్ల మన బోర్డులన్నీ ప్రైవేటుగానే ఉన్నాయి. నృత్య ప్రదర్శనల్లో పాల్గొనే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు కార్డుల్లో రాయరాదు. ఖాతా కూడా ఏ వ్యక్తి సొంత ఈమెయిలు మీదా కాకుండా సంఘం ఈమెయిలు మీదనే ఉంది.

కుదరని సంగతులు కూడా చెప్పాలి. చర్చలను కార్డుల కింద వ్యాఖ్యలుగా రాయమన్న నియమం నిలవలేదు. మాటలు వాట్సాప్‌లోనే సాగాయి. దానితో పోరాడడం మాని, అక్కడ తేలిన నిర్ణయాన్ని మాత్రం విభాగ బాధ్యులు ఒక్క వాక్యంగా కార్డులోకి ఎక్కించాలని సరిపెట్టుకున్నాము. ఇక వేడుకకు ముందు రెండు రోజుల్లో బోర్డును ఎవరూ తెరవరు. ఆ రెండు రోజులకు కార్డులన్నిటినీ ఒక కాగితం మీద అచ్చువేసి హాలు గుమ్మం దగ్గర అంటించడమే దీపావళికి పనిచేసింది.

సభ ముందు రెండు విషయాలు ఉంచుతున్నాము. మొదటిది, విభాగాలు పెరిగితే పది మంది పరిమితి చాలదు. అప్పుడు రుసుము చెల్లించే పథకానికి మారడమా, లేక ఇలాంటి బోర్డులనే ఇచ్చే వెకాన్, నెక్స్ట్‌క్లౌడ్ డెక్ వంటి స్వేచ్ఛా (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వరు మీద నడపడమా అన్నది తేల్చాలి. రెండవదానికి లైసెన్సు ఖర్చు ఉండదు గాని, సర్వరును ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. అటువంటివారు ముందుకు వస్తే తప్ప కార్యవర్గం దాన్ని సిఫారసు చేయడం లేదు. రెండవ విషయం, కొత్త కార్యదర్శి ఎన్నికైన రోజునే బోర్డుల నిర్వాహక హక్కులను వారికి బదలాయించి, పదవి విడిచినవారి పేర్లను తొలగించేలా నియమావళిలో ఒక వాక్యం చేర్చాలని కోరుతున్నాము. పరాభవ నామ సంవత్సర ఉగాది 2026 మార్చి 19న వస్తున్నది. దాని బోర్డును ఇప్పటికే తెరిచాము; అలంకరణ విభాగానికి మాత్రం ఇంకా బాధ్యులు లేరు. ఆసక్తి ఉన్న సభ్యులు సభ ముగిసేలోగా కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.