శీనుగాడికి, తలకిందుల ఆవకాయ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, ఆలస్యానికి ఏమనుకోకు. ఇక్కడంతా కులాసా. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, మిగతా కబుర్లు తర్వాత. నువ్వు చివర్లో రాసిన ముక్కే బుర్ర తొలిచేస్తోంది: "నూనె ఒలికిన మట్టి శుభ్రం చేసేశారు, పైన గడ్డి కూడా మొలిచింది, పది శాంపిళ్లు తీసి రిపోర్టు ఇచ్చేస్తా." వద్దురా, ఆగు!

నైజీరియాలో ముడినూనె ఒలికి పాడైన ఓగోనీలాండ్ ప్రాంతం గుర్తుందా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో ఇచ్చిన నివేదిక మళ్లీ తీశాను. చమురు కంపెనీ షెల్‌కి అప్పట్లో అక్కడున్న శాఖ శుభ్రం చేయడం పూర్తయిందన్న చోట్లలో 15 పరీక్షిస్తే, 10 చోట్ల నూనె హద్దు దాటే ఉంది. పదిహేనింట పది! పైమట్టిని దున్ని, ఎరువు వేసి, సూక్ష్మజీవులు తినేస్తాయని వదిలారు. ఆ ప్రాంతం మొత్తమ్మీద చూస్తే, 49 సందర్భాల్లో కనీసం 5 మీటర్ల లోతున కూడా నూనె దొరికింది. మన తలకిందుల ఆవకాయ ఇదే కదరా: పైన పొడి, అడుగున నూనె.

కాబట్టి దున్నిన పొర దగ్గర ఆగకు. మట్టిని తొలిచి తీసే ఆగర్‌తో అరమీటరుకో శాంపిల్ తీస్తూ దిగు. నీటిమట్టం ఉండే పొర అస్సలు వదలకు. మట్టం ఎక్కుతూ దిగుతూ నూనెను అక్కడే పులుముతుంది. తీసిన ప్రతిసారీ ఆగర్ కడుగు, లేకపోతే పైమురికి నువ్వే కిందికి మోసినట్టవుతుంది.

ఇంకోటి, పది చోట్ల మట్టి కలిపి ఒకే శాంపిల్ చేయకు. తొమ్మిది చోట్ల కిలో మట్టికి 100 మిల్లీగ్రాముల నూనె, ఒక్కచోట 20,000 ఉందనుకో. సగటు 2,090. ఆ నివేదిక నాటికి నైజీరియాలో చర్య తీసుకోవాల్సిన హద్దు 5,000, అంటే పాస్! ఆ ఒక్కచోటు ఎవరి బావి పక్కనో ఉంటే? తలుచుకుంటేనే కడుపు రగిలిపోతుంది.

తేమ కూడా చూసుకో. తడిమట్టి బరువు మీద 4,000 వచ్చిందనుకో, తేమ 25 శాతం ఉంటే పొడిమట్టి లెక్కన 5,333. అదే మట్టి, ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో ఫెయిల్. ఏ లెక్కో రిపోర్టులో రాయించు.

పేడ ఎరువు వేశారన్నావు కదా, దాని కొవ్వులు కూడా నూనెలాగే అంకెలో దూరతాయి. సిలికా జెల్ అనే పీల్చుకునే పొడితో వడకడితే పోతాయి, కానీ నూనె సగం కుళ్లగా పుట్టిన పదార్థాలు కూడా వాటితోపాటే పోతాయి. అందుకే వడకట్టకముందు ఒకసారి, వడకట్టాక ఒకసారి, రెండు అంకెలూ అడుగు. పక్కనే నూనె తగలని చేను నుంచి ఒక శాంపిల్ పోలికకి పెట్టుకో.

అసలు చెప్పాల్సింది ఇది. దున్నేటప్పుడు మంచి మట్టి కలిస్తే అంకె తగ్గుతుంది, నూనె తగ్గదు. దీన్ని పట్టుకోవడానికి హోపేన్ కొలిపించు. ముడినూనెలో ఉండే ఈ పదార్థాన్ని సూక్ష్మజీవులు దాదాపు ముట్టవు. శుభ్రం చేయకముందు తీసిన మట్టిలో నూనెకీ హోపేన్‌కీ నిష్పత్తి ఎంత, ఇప్పుడెంత? నిష్పత్తి పడిపోతే నిజంగా తిన్నట్టు. రెండూ సమానంగా తగ్గితే పలచబడిందనో, కిందికి జారిందనో అనుకో. పాత మట్టి ఎవరైనా దాచారా, ముందు అది కనుక్కో. లీకైంది డీజిలైతే మాత్రం హోపేన్ దాదాపు ఉండదు, అప్పుడు డీజిల్‌లో ఉండే ప్రిస్టేన్ అనే పదార్థం చూడాలి, దాని సంగతి...

అన్నట్టు సీసాలు! ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, గాజువే, టెఫ్లాన్ మూతతో. అంచుదాకా నింపి వెంటనే ఐసులో పెట్టు. ఆవిరి మీటరు సున్నా చూపించిందని నమ్మకు, బరువు నూనె దానికి దొరకదు. తేలిగ్గా ఆవిరైపోయే బెంజీన్ కోసమైతే మట్టిని అక్కడికక్కడే మిథనాల్‌లో... అరె, పోస్టు డబ్బా తెరిచే వేళైంది, కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. శాంపిళ్లు తీసే ముందు ఫోన్ చెయ్యి, తప్పకుండా.

నీ
రాంబాబు