ధరల పక్కన మొక్కల లెక్క కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏదైనా పండు ధర పెరిగితే మీ పేపర్లో పెద్ద అక్షరాలతో వార్త వేస్తారు. మంచిదే, కానీ అది చదివిన రైతు మర్నాడే నర్సరీకి బయల్దేరతాడు. అతను నాటే మొక్క కాపుకొచ్చేసరికి ఆ ధర ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదన్న ముక్క కూడా అక్కడే రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం.

నేనూ అలా వెళ్లినవాణ్ణే. బత్తాయికి మంచి ధర పలికిన ఏడాది, అంటు కట్టిన చోట ఇంకా టేపు కూడా విప్పని మొక్కల కోసం నర్సరీలో పొద్దున్నే లైన్లో నిలబడ్డాం. వేర్లు సరిగా పట్టాయో లేదో చూసే ఓపిక ఎవరికీ లేదు, దొరికిందే చాలని ట్రాక్టర్లకు ఎక్కించుకున్నాం. ఆ లైన్లో ఉన్న ప్రతి ఒక్కరూ నాలాగే లెక్కేసుకుని వచ్చారన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. నాలుగైదేళ్లకు నా తోట కాపుకొచ్చింది, వాళ్లవీ వచ్చాయి, సరుకంతా ఒకేసారి మార్కెట్లో పడింది.

ఇది పాత జబ్బే. ధర చూసి సాగు పెంచడం, సరుకు ఎక్కువై ధర పడిపోవడం, దాంతో సాగు తగ్గి మళ్లీ ధర లేవడం, ఈ తిరుగుడు గురించి మొర్డెకాయ్ ఎజెకీల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1938లోనే రాశాడు. గీసి చూస్తే గీతలు సాలెగూడులా వస్తాయి కాబట్టి దానికి సాలెగూడు సిద్ధాంతమని పేరు. తర్వాత 1958లో మార్క్ నెర్లోవ్ అనే మరో అమెరికా ఆర్థికవేత్త, రైతు నిరుటి ధర ఒక్కటే పట్టుకుని పోడని, తన అంచనాను ఏటా కొంత కొంత సవరించుకుంటాడని చెప్పాడు. ఏటా విత్తే పంటకైతే అది కుదురుతుంది. బొప్పాయి వేసినవాడు కూడా ఏడాది తిరిగేలోపే కాయ చూస్తాడు, తప్పు చేసినా తొందరగా బయటపడతాడు. మామిడి నాటినవాడు ఏం సవరించుకుంటాడండీ?

ధర పడితే తోటలు అంత త్వరగా తగ్గవు కూడా. పెట్టుబడి అంతా అప్పటికే భూమిలో ఉంది కదా, కోత కూలి గిట్టితే కోస్తాం, అదీ రాకపోతే కాయను చెట్టుకే వదిలేస్తాం, ఎరువులు తగ్గిస్తాం, కానీ చెట్టు మీద గొడ్డలి పెట్టడానికి చెయ్యి రాదు. వరసగా మూడు నాలుగేళ్లు దెబ్బ తిని, అప్పులవాళ్లకు జవాబు చెప్పలేక అప్పుడు జేసీబీని పిలుస్తాం. మా పక్క తోటలో అలా పీకించిన రోజు కొమ్మల నిండా గోలీ అంత పిందెలున్నాయి, ఆయన గట్టు మీద అటు తిరిగి కూర్చున్నారు. ఆయనలా పీకించినవాళ్లు చాలామంది, అందుకే మరో రెండేళ్లకు ధర మళ్లీ లేచింది.

ఇంకొకటి. ధర ఎందుకు పెరిగిందన్నది మీ వార్తల్లో సరిగా ఉండదు. మామిడిలో చాలా రకాలు ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గుతాయి. అలా కాపు తగ్గిన ఏడాది ధర చూసి కొత్త తోట వేస్తే ఎలా? పూత మీద చెడు వాతావరణం దెబ్బ కొట్టడం వేరు, తినేవాళ్లు పెరగడం వేరు. రెండోదైతేనే నాటాలో వద్దో ఆలోచించాలి.

అందుకే ధరల పట్టిక పక్కన ఇంకో చిన్న పట్టిక వేయండి. నర్సరీల నుంచి ఈ ఏడాది ఎన్ని అంటు మొక్కలు పోయాయి, ఇంకా కాపుకు రాని లేత తోటలు ఎన్ని ఎకరాలు, ముదిరిపోయి తీసేయాల్సినవి ఎన్ని, ఉద్యాన అధికారులను అడిగి ఆ లెక్కలు తెప్పించండి. రైతులు గుంతలు తవ్వడానికి కనీసం నెల ముందు వేయండి.

ఇట్లు,
ఒక పండ్లతోట రైతు